కుడి మోకాలి మీది తెల్ల గుడ్డ

జనవరి 6, మంగళవారం

డాక్టర్ సరే అన్నాడు. మా అమ్మాయి కోరలీ మళ్ళీ స్కీ పోటీల మంచు దిబ్బల మీదికి వెళ్ళవచ్చు. ఆపరేషన్ అయి పదకొండు నెలలైంది. కుడి మోకాలిలో తెగిన లిగమెంట్ గట్టిపడిందట, తొడ కండరం ఎడమ కాలితో సమానంగా వచ్చిందట. ఒక్కటే షరతు పెట్టాడు. ఈ చలికాలమంతా మోకాలికి ఆసరా పట్టే బ్రేస్ లేకుండా స్కీలు తొడగకూడదు.

ఇంటికొచ్చాక కోరలీ మెట్ల మీద కూర్చుని బూట్లు విప్పుకుంటూ ఏడ్చింది. ఇరవై ఏళ్ళ పిల్ల. ఈ పదకొండు నెలల్లో ఆమె కంట నీళ్ళు చూడడం ఇదే మొదలు. సంతోషంతో ఏడుస్తోందని అర్థం కావడానికి నాకు కొంచెం సేపు పట్టింది.

నాకూ సంతోషమే. రాసి పెడుతున్నాను, నాకూ సంతోషమే.

జనవరి 9, శుక్రవారం

బ్రేస్ కొలతలకు పట్నం వెళ్ళాం. కొలతలు తీసిన అమ్మాయి పేరు నదేజ్. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. నేను ఆమె చేతులే చూస్తూ కూర్చున్నాను. పెళ్ళికి ముందు నుంచీ కుట్టుపని చేస్తున్నదాన్ని, టేపు పట్టుకునే తీరును బట్టి మనిషి పనితనం చెప్పగలను. నదేజ్ టేపును లాగి బిగించదు. చర్మం మీద అలా ఆనిస్తుంది. తొడ దగ్గర మూడు చోట్ల, పిక్క దగ్గర రెండు చోట్ల కొలిచింది. కోరలీని నిలబెట్టి ఒకసారి, మోకాలు కొంచెం వంచమని మరోసారి. రెండు కొలతలూ వేరుగా వస్తే విసుక్కోకుండా మూడోసారి తీసింది.

బల్ల మీద మూడు రకాలు పెట్టింది. ఒకటి సాగే గుడ్డ తొడుగు, పక్కల రేకులతో. రెండోది రెడీమేడ్, సైజుల వారీగా వచ్చేది, దళసరిగా, బరువుగా. మూడోది కాలికి అచ్చుపోసి చేసేది, పలచని గట్టి చట్రం, రెండు పక్కలా కీళ్ళు, వెనక నాలుగు పట్టీలు. గుడ్డ తొడుగు ఇంట్లో తిరగడానికేనని తనే పక్కన పెట్టేసింది. మిగతా రెండూ తొడిగి కోరలీ చేత మెట్లు దింపించింది, స్టూలు మీద నుంచి దూకించింది, గొంతుక్కూర్చోబెట్టింది.

నేను మెల్లగా అడిగాను, దళసరిది రెండు కాళ్ళకూ తీసుకుంటే నయం కాదా అని.

కోరలీ నా వైపు తిరిగింది. "అమ్మా, నన్ను ఫ్రిజ్‌లో పెట్టి తలుపేసి కొండ మీద నుంచి దొర్లించు. ఇంకా నయం."

నదేజ్ నవ్వాపుకుని నాకే జవాబు చెప్పింది. "మేడమ్, ఇది మోకాలిని కాపాడుతుందని నేను రాసివ్వలేను. కాలు మెలిక పడబోతే కొంచెం అడ్డం పడుతుంది, అంతే. మిగతా పని ఆమె తొడ చెయ్యాలి. బరువైనది పెడితే ఆ తొడ ముందే అలిసిపోతుంది."

అంత నిజం చెప్పి సరుకు అమ్మే మనిషిని నేను చూడలేదు.

కోరలీ అచ్చుపోసేదే ఎంచుకుంది, ఒక్క కుడి కాలికే. ఎంచుకునే ముందు కళ్ళు మూసుకుని అయిదు నిమిషాలు గొంతుక్కూర్చుని లేస్తూనే ఉంది. చట్రం ఎక్కడ ఒత్తుతోందో వేలితో చూపించింది. నిజంగా అక్కడే ఎర్రబడి ఉంది. తన కాలు లోపల ఏం జరుగుతోందో ఈ పిల్లకు అంత బాగా తెలుసు.

మేం తీసుకెళ్ళిన స్కీ ప్యాంటు చూసి, మోకాళ్ళ మీద ఈ తెల్ల గుడ్డలేమిటి, అందానికా అని నదేజ్ అడిగింది.

"జడ్జీల కోసం," అంది కోరలీ. "వాళ్ళు కింద ఉంటారు. మేం పైనుంచి ఒక్కో మంచు దిబ్బా ఎక్కి దిగుతూ వస్తాం. అంత దూరానికి కాళ్ళు కనపడవు, గుడ్డలే కనపడతాయి. రెండు గుడ్డలూ ఒకటిగా కదిలితే మార్కులు. మధ్యలో సందు కనిపిస్తే కోత. క్లబ్బులో అందరికీ మా అమ్మే కుడుతుంది. పన్నెండేళ్ళ నుంచి."

నేను నేల చూపులు చూశాను. గర్వం పాపమే. అయినా రాస్తున్నాను.

జనవరి 11, ఆదివారం

చర్చిలో పూజ తర్వాత సెయింట్ ఆన్ పీఠం దగ్గర కొవ్వొత్తి వెలిగించాను. పక్క గోడకు మళ్ళీ నడక వచ్చినవాళ్ళు వదిలేసిన పాత చేతికర్రలు ఇంకా వేలాడుతున్నాయి. మోకాలి కోసమే ప్రార్థించాను. "నా బ్రేస్ మాత్రం అక్కడ తగిలించకు, నాకు పనుంది," అని కోరలీ వెనక నుంచి చెవిలో అంది. ముందు వరసలో ముసలావిడ వెనక్కి తిరిగి చూసింది.

జనవరి 17, శనివారం

బ్రేస్ వచ్చింది. కోరలీ లోపలి ఉన్ని ప్యాంటు మీద తొడిగి వంటింట్లో నాలుగుసార్లు ఎగిరింది. అది చీలమండ దాకా జారిపోయింది. నదేజ్‌కు ఫోన్ చేస్తే, ఒట్టి చర్మం మీదే వేసుకోవాలి అంది. ఉన్ని ప్యాంటు మోకాలి పైకి కత్తిరించి ఇచ్చాను. నిన్ననే కొన్నది.

తొడగడం ఒక పద్ధతి. కుర్చీ అంచున కూర్చుని కాలు సగం వంచాలి. కీళ్ళు మోకాలి చిప్ప నడిమికి కాస్త పైగా రావాలి. మొదటి పట్టీ మోకాలి కింద, పిక్క కండ మొదలయ్యే చోట. జారకుండా పట్టుకునేది అదే. తర్వాత పిక్క కిందిది, తర్వాత తొడవి రెండూ. వరస తప్పితే మొత్తం విప్పి మళ్ళీ మొదటి నుంచి. కోరలీ ఈ సాయంత్రం ముప్పైసార్లు తొడిగి విప్పింది. ముప్పయ్యోసారి కూడా మొదటిసారంత శ్రద్ధగా. పూజ ముందు వస్త్రాలు తొడుక్కునే ఫాదర్ ఆన్సెల్మ్ గుర్తొచ్చాడు. ఆ మాట పైకి అనలేదు.

బ్రేస్ మీద స్కీ ప్యాంటు పట్టలేదు. బయటి పక్క పొడుగునా జిప్పు ఉంది, అక్కడ చెయ్యి పెట్టలేను. లోపలి పక్క కుట్టు విప్పి, తొడ నుంచి పిక్క దాకా రెండు వేళ్ళ వెడల్పు గుడ్డ అతికాను. బల్ల మీద పరిచి ఇస్త్రీ చేస్తే అతుకు ఎక్కడుందో నాకే కనపడలేదు. పని బాగా కుదిరింది.

జనవరి 24, శనివారం

దిబ్బల మీద మొదటి రోజు. నేను వెళ్ళలేదు, కుట్టాల్సిన కర్టెన్లు ఉన్నాయి. రాత్రి డ్యూటీ దిగిన మా ఆయన గేతాన్ నిద్ర మానుకుని కొండ దగ్గరే ఉండిపోయాడు. మధ్యాహ్నం వచ్చి బఠాణీ సూపు రెండు గిన్నెలు తాగి, "నీ కూతురు నీళ్ళు జారినట్టు దిగింది. నేను రాత్రంతా బండితో మంచు చదును చేసింది ఎందుకో ఇవాళ తెలిసింది," అన్నాడు. ఆయన ఏడాదికి రెండు పొగడ్తలు చేస్తాడు. ఈ ఏడాదికి ఒకటి అయిపోయింది.

జనవరి 31, శనివారం

కోచ్ రెజాన్ వీడియో చూపించాడట. కుడి మోకాలు ఎడమదాని నుంచి విడిపోతోందట. తలుపు సందు తెరిచినట్టుందన్నాడట. బ్రేస్ కీలు గుచ్చుకుంటుందని కాలు దూరంగా పెడుతున్నావా, లేక భయమా అని అడిగాడట. రెండూ కాదు, నా మోకాళ్ళు ఆనుకునే ఉన్నాయి అందట కోరలీ. రెజాన్ వీడియో మళ్ళీ వేశాడట.

రెజాన్ నాతో బడిలో చదివినవాడే. ఎవరినీ ఊరికే అనడు. ముప్పై ఏళ్ళుగా మోకాళ్ళే చూస్తున్నాడు.

ఫిబ్రవరి 2, సోమవారం

కొవ్వొత్తుల పండుగ. పండుగ అట్లు, క్రెప్‌లు పోశాను. కోరలీ ఒక్కటే తింది, మేపుల్ పాకం కూడా వేసుకోలేదు. సోఫాలో కాళ్ళు చాపుకుని ఐసు అడిగింది. కుడి మోకాలికనుకున్నాను. కాదు, ఎడమదానికి. లోపలి పక్కన నాణెమంత నల్లగా కమిలి ఉంది.

బ్రేస్ కీలు కొడుతోందని, ప్రతి దిబ్బ దగ్గరా తగులుతోందని చెప్పింది. "అయినా పరవాలేదులే అమ్మా. తగిలినప్పుడల్లా మోకాళ్ళు కలిసే ఉన్నాయని తెలుస్తుంది కదా."

ఐసు పట్టుకుని కూర్చున్నాను. తగిలితేనే కదా కమిలేది. కలిసి ఉంటేనే కదా తగిలేది.

ఆ తర్వాత ఆమె ప్యాంటు తొడుక్కుని చూసుకుంది. నేను గిన్నెలు కడుగుతున్నాను.

ఫిబ్రవరి 3, మంగళవారం

ఇవాళ ఏమీ కుట్టలేదు.

ఫిబ్రవరి 5, గురువారం

గుడ్డ విషయం నాకు కచ్చితంగా తెలియదు. తెలియనిది చెప్పి ఎవరినీ కంగారు పెట్టకూడదు.

ఫిబ్రవరి 7, శనివారం

ఈ నెలాఖరు పోటీకి నలుగురు అమ్మాయిలను పంపుతారు. రెజాన్ పదిహేనో తారీఖున జాబితా పెడతాడు. మోకాళ్ళు ఇలాగే ఉంటే కోరలీని వచ్చే ఏడాది దాకా ఆపుతానన్నాడట. ఆమె మంచికేనట.

ఇంకో ఏడాది ఆగితే మోకాలికి నిజంగానే మంచిది. డాక్టర్ అలా అనలేదు. నేను అంటున్నాను.

ఫిబ్రవరి 8, ఆదివారం

సెయింట్ ఆన్‌కు కృతజ్ఞత చెప్పాను. రెండు కొవ్వొత్తులు వెలిగించాను.

ఫిబ్రవరి 11, బుధవారం

బాగోలేదు. రాస్తే అయినా తేలికవుతుందేమో.

కోరలీ ఇవాళ కొండకు వెళ్ళలేదు. వంటింటి బల్ల దగ్గర కూర్చుని, నేను బంగాళాదుంపలు చెక్కు తీస్తుంటే తనూ కత్తి తీసుకుంది. మూడు దుంపలు చెక్కింది. తర్వాత తల ఎత్తకుండానే అంది:

"నాకేం అర్థం కావడం లేదమ్మా. మోకాళ్ళు కలిసే ఉన్నాయని నాకు తెలుస్తోంది. ఒట్టు వేసి చెప్పగలను. వీడియోలో చూస్తే లేవు. అంటే నా కాలు నాకు అబద్ధం చెప్తోందన్నమాట. ఇక దిబ్బ మీద నాకు ఏదనిపించినా నమ్మకూడదు. నమ్మకుండా ఎలా దిగాలి?"

నేను బంగాళాదుంపల వైపే చూశాను.

నదేజ్ దగ్గర చట్రం ఎక్కడ ఒత్తుతోందో వేలితో చూపించిన పిల్ల ఈమే. పదకొండు నెలలు రోజూ రెండు పూటలా మేడ మెట్లు ఒంటికాలి మీద ఎక్కి దిగి, ఏ నొప్పి మంచిదో ఏది చెడ్డదో విడదీసుకోవడం నేర్చుకుంది. ఎవరూ నేర్పలేదు. నేనైతే వారంలో మానేసేదాన్ని. అంత కష్టపడి సంపాదించుకున్నదాన్ని ఒక గుడ్డముక్క దగ్గర పోగొట్టుకుంటోంది.

గుడ్డ ఎక్కడుందో నాకు తెలుసు. పండుగ రోజు గిన్నెలు కడుగుతూ కిటికీ అద్దంలో చూశాను. లోపలి పక్క గుడ్డ అతికాను కదా, ముందు భాగమంతా బయటికి జరిగింది. తెల్ల గుడ్డ చిప్ప మీద లేదు, వేలెడు బయటికి ఉంది. మోకాలు వంచితే ఇంకాస్త. బల్ల మీద పరిచి చూసుకుని మురిసిపోయాను. మనిషికి తొడిగి చూడలేదు. కొత్తగా పని నేర్చుకునేవాళ్ళకు నేను మొట్టమొదట చెప్పే మాటే అది.

తొమ్మిది రోజులుగా తెలుసు.

ఫిబ్రవరి 13, శుక్రవారం

చేసిన పాపం ఒప్పుకోవడానికి పాపసంకీర్తనకు వెళ్ళాను. ఫాదర్ ఆన్సెల్మ్ ఆఫ్రికాలోని బెనిన్ నుంచి వచ్చి నాలుగు చలికాలాలైనా ఇంకా అంగీ కింద రెండు స్వెటర్లు వేసుకుంటాడు. అంతా విన్నాడు. అతుకు సంగతి రెండుసార్లు చెప్పించుకున్నాడు. నేను కోరలీ మోకాలి కోసమే ప్రార్థిస్తూ వచ్చానని అన్నాను.

"మోకాలి కోసమేనా?" అన్నాడు.

ఆమె మళ్ళీ ఎప్పటికీ కొండ ఎక్కకూడదనే అడిగానని చివరికి నా నోటితోనే చెప్పాను. మంచు మీద నుంచి ఆమెను స్ట్రెచర్‌లో దింపిన రోజు నుంచీ అదే అడుగుతున్నాను.

"నాకు కుట్టుపని తెలియదు మార్జొలేన్," అన్నాడు. "ఇది వినాల్సిన మనిషి మీ ఇంట్లో ఉంది. ప్రాయశ్చిత్తం అదే. జపమాల దానికి బదులు రాదు."

ఇంటికి వెళ్ళేసరికి కోరలీ బ్రేస్ పట్టీలు తుడుస్తోంది. నిలబడే చెప్పాను, కూర్చుంటే చెప్పలేనేమోనని.

"ఎప్పటి నుంచి తెలుసు?" అంది.

"సోమవారం నుంచి."

"ఏ సోమవారం?"

"క్రెప్‌ల సోమవారం."

వేళ్ళ మీద లెక్కపెట్టలేదు. పెట్టినా బాగుండేది. లేచి తన గదిలోకి వెళ్ళింది. తలుపు మెల్లగా వేసుకుంది. విసురుగా వేసుకున్నా బాగుండేది. అరగంటకు ప్యాంటు పట్టుకుని వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, ముఖం మాత్రం తేటగా ఉంది.

"నా కాలు అబద్ధం చెప్పలేదన్నమాట," అంది.

"లేదు తల్లీ."

"అది ముందు చాలు. నీ మీద తర్వాత కోప్పడతాను, ఇప్పుడు టైం లేదు. కోచ్‌కి నువ్వే చెప్పాలి. నేను చెప్తే సాకనుకుంటాడు."

బ్రేస్ తొడుక్కుంది. ప్యాంటు తొడుక్కుంది. స్కీ బూట్లు కూడా. వంటింటి మధ్యలో దిబ్బ మీద ఉన్నట్టే మోకాళ్ళు వంచి నిలబడింది. నేను నేల మీద మోకరిల్లి చిప్ప చుట్టూ సుద్దతో గీశాను. మొదటి గీత వంకరపోతే తుడిచి మళ్ళీ గీశాను. "నింపాదిగా గియ్యి, నేనెక్కడికీ పోను," అంది. పావుగంట అలాగే వంగి ఉంది, ఒక్క అంగుళం కదలలేదు.

గుడ్డ విప్పి కుట్టాను. తొడిగి చూశాను. మళ్ళీ విప్పి కుట్టాను.

ఫిబ్రవరి 14, శనివారం

కొండ దగ్గర పిల్లలూ తల్లిదండ్రులూ చాలామంది ఉన్నారు. పక్కకు పిలిచి చెబుదామనుకున్నాను. రెజాన్ పక్కకు రాలేదు, చేతిలో పని ఉంది, ఇక్కడే చెప్పు అన్నాడు. నా గొంతు పెద్దది కాదు, అందరూ దగ్గరికి జరిగి మరీ విన్నారు. గుడ్డ తప్పు కుట్టానని చెప్పాను. తెలిసీ పన్నెండు రోజులు ఊరుకున్నానని కూడా చెప్పాను. ఆ రెండోది చెప్పక్కర్లేదు. కోరలీ చెప్పమనలేదు.

రెజాన్ చేతి తొడుగు తీసి కోరలీ మోకాలి మీది గుడ్డను బొటనవేలితో తడిమాడు.

"ముప్పై ఏళ్ళుగా మోకాళ్ళు చూస్తున్నాననుకున్నాను," అన్నాడు. "ఇంతకాలం నీ కుట్టు చూస్తున్నానన్నమాట, మార్జొలేన్."

తర్వాత కోరలీతో, రేపు తొమ్మిదింటికి రా, ఒక్కసారి దిగు, అప్పుడు చూస్తాను, జాలి పడి మాత్రం పేరు రాయను అన్నాడు. ఆమె తల ఊపింది. జాలి ఆమెకూ వద్దు.

రేపు పొద్దున కొండ దగ్గర ఉండాలి కాబట్టి ఆదివారం పూజ ఇవాళ సాయంత్రమే చూసేశాను.

ఫిబ్రవరి 15, ఆదివారం

వెళ్ళాను. ఆపరేషన్ తర్వాత దిబ్బల కింద నిలబడడం ఇదే మొదటిసారి. ఆపరేషన్‌కు ముందు కూడా నిలబడి సగమే చూసేదాన్ని, మిగతా సగం కళ్ళు మూసుకుని జపం చేసేదాన్ని.

గేతాన్ పక్కనే ఉన్నాడు. రెజాన్ జడ్జీలు నిలబడే చోట నిలబడ్డాడు, చేతిలో ఫోన్ కూడా లేదు. పైన ఒక చిన్న నల్ల ఆకారం. అది వంగింది.

ఎలా రాయాలో తెలియడం లేదు. ముందు చప్పుడు వినిపించింది, మంచును గీరుతున్న చప్పుడు, గడియారం ముల్లంత క్రమంగా. తర్వాత రెండు తెల్ల గుడ్డలు. దిబ్బ ఎక్కినప్పుడు రొమ్ము దాకా లేస్తున్నాయి, దిగినప్పుడు సాగుతున్నాయి. భుజాలు మాత్రం కదలడం లేదు, ఎవరో పైనుంచి దారం కట్టి దించుతున్నట్టు. కాసేపటికి రెండు గుడ్డలు కావు, ఒకటే అనిపించింది. గాలిలోకి లేచి తిరిగింది. నేను గేతాన్ చెయ్యి పట్టుకున్నాను. దిగింది. కుడి కాలి మీదే ముందు దిగింది, ఆ కాలు మీదే, సందేహం లేకుండా. దిగీ దిగగానే తర్వాతి దిబ్బలోకి పోయింది, ఏమీ జరగనట్టు.

అంత వేగం ఆ పిల్లకు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలియదు. నా నుంచి కాదు.

కింద ఆగి, ముక్కు తుడుచుకుని, రెజాన్ వైపు చూడలేదు. వంగి పట్టీలు తడిమి చూసుకుంది, జారాయేమోనని. జారలేదు. ఆ తర్వాతే తల ఎత్తింది.

రెజాన్ జేబులోంచి కాగితం తీసి, గేతాన్ వీపు మీద పెట్టి, నాలుగో పేరు రాశాడు. గేతాన్ కదలకుండా నిలబడ్డాడు. రాయడం అయిపోయాక కూడా కాసేపు అలాగే ఉన్నాడు.

కోరలీ కంచె దగ్గరికి వచ్చింది. "మొత్తం చూశావా?" అంది. చూశానన్నాను. "ఇంకా కోపంగానే ఉంది," అంది. ఉండాలి అన్నాను. తన హెల్మెట్ నా చేతికిచ్చింది, పట్టుకోమని.

ఫిబ్రవరి 18, బుధవారం

విభూది బుధవారం, నలభై రోజుల తపస్సు మొదలు. నుదుట విభూది. ఉపవాసం. ఎడమ మోకాలి లోపలి పక్కకు, కీలు తగిలే చోట, మెత్తటి ఉన్ని ముక్క కుట్టి ఇచ్చాను. తొడిగి చూసి మరీ కుట్టాను. బాగుంది అంది.

ఫిబ్రవరి 19, గురువారం

పొద్దున్నే క్లబ్బు వ్యానులో వెళ్ళిపోయారు. బ్రేస్ సంచీ ఒళ్ళో పెట్టుకుంది, సామాన్లతో పాటు వెనక వెయ్యనివ్వలేదు.

ఆమెను ఆపగలిగినది ఒకే ఒక్కటి నా దగ్గర ఉండేది. దాన్ని నా చేత్తోనే విప్పి, సరైన చోట కుట్టి ఇచ్చాను. భయంగానే ఉంది. దానికి ప్రార్థన అని పేరు పెట్టడం మానేశాను.